తెలుగు మీదుగా స్పానిష్

అనంతపురానికి స్పెయిన్‌తో యాభై ఏళ్లు దాటిన చుట్టరికం. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువుసీమకు వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును మొదలుపెట్టారు. 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆర్‌డీటీగా పల్లెపల్లెకూ తెలిసిన ఆ సంస్థకు స్పెయిన్ దాతలే పెద్ద అండ. అక్కడి కుటుంబాలు ఇక్కడి పిల్లల చదువుకు సాయం చేస్తాయి. పిల్లలు రాసిన ఉత్తరాలు స్పానిష్‌లోకి మారి వాళ్లకు చేరుతుంటాయి. టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ పేరిట ఉన్న ఫౌండేషన్ 2010లో అనంతపురంలో టెన్నిస్ బడి తెరవడానికి కారణం కూడా ఈ బంధమే. పల్లెల్లో పుట్టి డిగ్రీ చదివిన యువతీయువకులకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పే శిక్షణ కేంద్రాన్ని కూడా ట్రస్టు నడుపుతోంది.

ఇంగ్లీషు గడగడా మాట్లాడలేనివాళ్లు స్పానిష్ ఎలా నేర్చుకుంటారన్న అనుమానం చాలామందికి ఉంటుంది. ముందు ఇంగ్లీషు గట్టిపడాలి, మిగతా భాషల సంగతి ఆ తర్వాత అనుకుంటారు. పుస్తకాలు, యాప్‌లు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి కాబట్టి ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ స్పానిష్ పలుకుబడినీ, వాక్యం నడకనూ దగ్గర నుంచి చూస్తే చాలాచోట్ల ఇంగ్లీషు కంటే తెలుగే దానికి దగ్గరగా కనిపిస్తుంది. ఓనమాల దశలో ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలిస్తే సగం బెరుకు తీరుతుంది.

స్పానిష్ దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష. స్పెయిన్, మెక్సికో, కొలంబియా, అర్జెంటీనా, పెరూ మొదలుకొని ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినియా దాకా 20 దేశాల్లో చలామణీలో ఉన్న అధికార భాష. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడుకునేవాళ్లే నాలుగు కోట్లు దాటారు. అక్కడి బడుల్లో పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా నేర్చుకునే పరాయి భాష కూడా ఇదే. అందుకే డల్లాస్, హ్యూస్టన్‌లలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లల హోంవర్కు రూపంలో స్పానిష్ తరచూ వినిపిస్తుంది. హైదరాబాద్ మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2005లో మెక్సికోలోని క్వెర్నవాకాలో ఒక ఫ్యాక్టరీని కొన్నది. ఇలాంటి వ్యాపారాల వల్ల ఈ భాష ఉద్యోగాల లెక్కలోకీ వచ్చింది.

ముందు చెవి, తర్వాత పుస్తకం

ఇంగ్లీషువాళ్లు స్పానిష్ మొదలుపెట్టినప్పుడు నాలుక తిరగని హల్లుల్లో త, ద ముఖ్యమైనవి. వాళ్ల భాషలో ఉన్నది ట, డలకు దగ్గరి ధ్వని. పైగా మాట మొదట్లో ప, ట, క పలికితే గాలి బుస్సున బయటికొస్తుంది. స్పానిష్‌లో ఆ గాలి ఉండదు, నాలుక పళ్లకు తగులుతుంది. అంటే అచ్చంగా తెలుగు ప, త, క. టమాటాను స్పానిష్‌లో ‘తొమాతె’ అంటారు. తెలుగువాళ్ల నోటికి ఇది మంచినీళ్లంత సులువు. చిక్కల్లా బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు అలవాటుతోనే. ‘టి’ అక్షరం కనబడగానే ట అనేస్తారు. స్పానిష్ పుస్తకం తెరిచిన రోజు నుంచే ‘టి’ అంటే త, ‘డి’ అంటే ద అని గుర్తుపెట్టుకుంటే సగం యాస పోతుంది.

అచ్చులు ఐదే: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లీషులో ‘ఎ’ అక్షరం ఒక్కో మాటలో ఒక్కోలా పలుకుతుంది. స్పానిష్‌లో ఏ మాటలో ఉన్నా దాని పలుకు మారదు. హ్రస్వ దీర్ఘాల వల్ల అర్థం మారిపోయే బాధ కూడా లేదు. మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలుకుతారో అది కాస్త సాగినట్టు వినిపిస్తుందంతే. ఆ ఒత్తుకూ నియమం ఉంది. మాట అచ్చుతో గానీ, ‘ఎన్’, ‘ఎస్’ అక్షరాలతో గానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద ఒత్తు. మిగతావాటికి చివరి అక్షరం మీద. నియమం తప్పినచోట అచ్చు మీద చిన్న గీత పెట్టి చూపిస్తారు. గీత లేని ‘పాపా’ అంటే లాటిన్ అమెరికాలో బంగాళాదుంప. చివరి అచ్చు మీద గీత పెడితే నాన్న.

కొన్ని అక్షరాలు మాత్రం విడిగా నేర్చుకోవాలి. పిజ్జా మీద చల్లే హలపేన్యో మిరప ముక్కల పేరులో వాటిలో రెండు ఒకేచోట దొరుకుతాయి. మొదట ఉన్నది ‘జె’, దాని పలుకు గొంతులోంచి వచ్చే హ. కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లు ‘శాన్ హోసే’ అనడం వెనుక ఉన్నది ఈ అక్షరమే. మాట చివరన ‘ఎన్’ నెత్తి మీద అలలాంటి గీత ఉంటుంది, అప్పుడది ‘న్య’. ఆ గీతను తేలిగ్గా తీసుకోకూడదు. వయసు చెప్పేటప్పుడు సంవత్సరాలను ‘ఆన్యోస్’ అంటారు. గీత మరిచిపోతే నలుగురిలో పేరెత్తలేని శరీరభాగం అవుతుంది. ‘హెచ్’ రాతలోనే ఉంటుంది, నోట్లో ఉండదు. కాబట్టి హోటల్ ‘ఓతెల్’, హాస్పిటల్ ‘ఓస్పితాల్’. ‘బి’, ‘వి’ రెండిటికీ ఒకే పలుకు.

రెండు రకాల ర దగ్గర ఇంగ్లీషువాళ్లు నెలల తరబడి కుస్తీ పడతారు. ‘పేరో’ అంటే ‘కానీ’. ‘పేర్రో’ అంటే కుక్క. గొర్రె, బర్రె, బుర్ర అని పలికే నాలుకకు ఈ తేడా కొత్త కాదు. కొంచెం ఎక్కువసేపు అదిరించాలి, అంతే.

క్రియలోనే కర్త

వ్యాకరణం అనగానే కాళ్లలో వణుకు పుట్టేది క్రియల పట్టిక చూసినప్పుడు. మాట్లాడటం అనే క్రియకు వర్తమానంలోనే ఆరు రూపాలు: ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా, ఆబ్లామోస్, ఆబ్లాయిస్, ఆబ్లాన్. ఇంగ్లీషులో రెండు రూపాలతో గడిపేసేవాళ్లకు ఇది గుండె దడే. తెలుగులో మాత్రం మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు, మాట్లాడతాం, మాట్లాడతారు అని రోజూ అనేదే. ‘రేపు వస్తా’ అన్నప్పుడు ‘నేను’ అని విడిగా చెప్పాల్సిన పని లేనట్టే, ‘ఆబ్లో’ అంటే చాలు, మాట్లాడేది నేనని తెలిసిపోతుంది. ఇంగ్లీషు అలవాటుతో ప్రతి వాక్యం ముందూ ‘యో’ (నేను) తగిలించడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. తెలుగులో ఎక్కడ ‘నేను’ మింగేస్తారో, స్పానిష్‌లోనూ చాలావరకు అక్కడ మింగేయవచ్చు.

ఇష్టాయిష్టాలు చెప్పే వాక్యం తెలుగువాళ్లకు ఇంకా కలిసొస్తుంది. ‘మే గుస్తా ఎల్ కఫే’ అంటే ‘నాకు కాఫీ ఇష్టం’. ఇక్కడ ‘మే’ అంటే ‘నాకు’. నచ్చిన వస్తువే వాక్యానికి కర్త. అందుకే ఒక్క కాఫీ అయితే ‘గుస్తా’, మామిడిపళ్లు అయితే ‘మే గుస్తాన్ లోస్ మాంగోస్’. తెలుగులో ‘నాకు ఈ చీర నచ్చింది’, ‘నాకు ఈ చీరలు నచ్చాయి’ అన్నప్పుడు జరిగేదీ ఇదే. నేను కాఫీని ప్రేమిస్తున్నాను అన్న తీరులో ఆలోచించే ఇంగ్లీషువాళ్లు ఈ వాక్యాన్ని తిరగేసి నేర్చుకోవాలి. ‘మే ద్వేలె లా కబేసా’ కూడా ఇంతే: నాకు తల నొప్పి పెడుతోంది.

నువ్వు, మీరు తేడా కూడా ఉంది. ‘తూ’ అంటే నువ్వు, ‘ఉస్తేద్’ అంటే మీరు. ఎవరిని ఏమనాలన్నది మాత్రం ఊరిని బట్టి మారుతుంది. స్పెయిన్‌లో కొత్తవాళ్లతోనైనా త్వరగా ‘తూ’లోకి దిగిపోతారు. కొలంబియాలోని బొగొతాలో ఇంట్లో మనుషుల్నీ, స్నేహితుల్నీ ‘ఉస్తేద్’ అని పిలవడం మామూలే. అర్జెంటీనాలో ‘తూ’ బదులు ‘బోస్’ అంటారు, దానికి క్రియ రూపమూ వేరు. కొత్తగా నేర్చుకునేవాళ్లు పెద్దవాళ్లతో, అపరిచితులతో ‘ఉస్తేద్’ వాడితే ఎక్కడా మాట పడరు.

ఉంది, లేదు మధ్య

స్పానిష్ నేర్చుకునేవాళ్లందరినీ తికమకపెట్టే జంట ‘సేర్’, ‘ఎస్తార్’. ఇంగ్లీషులో ఒకే క్రియ చేసే పనిని స్పానిష్‌లో ఈ రెండూ పంచుకుంటాయి. తెలుగులో ఒక చిన్న ఆసరా దొరుకుతుంది. ‘ఆయన డాక్టరు’ అనే వాక్యంలో క్రియే లేదు. అలాంటిచోట స్పానిష్‌లో సాధారణంగా సేర్ వస్తుంది: ‘ఎస్ మేదికో’. ‘ఆయన ఇంట్లో ఉన్నాడు’, ‘అలసిపోయి ఉన్నాడు’ అన్నప్పుడు ‘ఉండు’ క్రియ ఉంది. అక్కడ ఎస్తార్: ‘ఎస్తా ఎన్ కాసా’, ‘ఎస్తా కన్సాదో’.

ఈ ఆసరా కొంత దూరమే నడిపిస్తుంది. ‘ఆ అమ్మాయి పొడుగ్గా ఉంది’ అన్నప్పుడు తెలుగులో ‘ఉంది’ వచ్చినా, పొడుగు ఆ మనిషి లక్షణం కాబట్టి స్పానిష్‌లో సేర్ వాడాలి. కాఫీ వేడిగా ఉండటం కాసేపటి సంగతి, అక్కడ ఎస్తార్. ఒకే విశేషణానికి రెండూ వాడితే అర్థమే మారిపోతుంది. ‘ఎస్ అబుర్రీదో’ అంటే ఆ మనిషే విసుగు పుట్టించే రకం. ‘ఎస్తా అబుర్రీదో’ అంటే ఆయనకు ఇప్పుడు విసుగ్గా ఉంది. ఇక ‘నీళ్లున్నాయి’ అని కేవలం ఉనికి చెప్పడానికి ఈ రెండూ పనికిరావు. దానికి ‘ఆయ్’ అనే మూడో మాట ఉంది: ‘ఆయ్ ఆగ్వా’.

తెలుగు అసలే ఆదుకోని చోట్లు కూడా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది లింగం. తెలుగులో బల్లకు, పుస్తకానికి ఆడ మగ తేడా లేదు. స్పానిష్‌లో బల్ల ఆడది, ‘లా మేసా’. పుస్తకం మగది, ‘ఎల్ లీబ్రో’. సాధారణంగా చివర ఆ ఉంటే స్త్రీలింగం, ఓ ఉంటే పుంలింగం. అయినా చెయ్యి ‘లా మానో’, సమస్య ‘ఎల్ ప్రొబ్లేమా’ అని ఎదురుతిరిగే మాటలకు కొదవ లేదు. పైగా విశేషణం కూడా నామవాచకాన్ని అనుసరించి మారుతుంది. తెలుగులో తెల్ల ఇల్లయినా తెల్ల పుస్తకాలైనా ‘తెల్ల’ కదలదు. స్పానిష్‌లో ఇల్లు ‘కాసా బ్లాంకా’, పుస్తకాలు ‘లీబ్రోస్ బ్లాంకోస్’. హిందీ వచ్చినవాళ్లకు వస్తువుల లింగం అలవాటైన వ్యవహారమే. రానివాళ్లకు ఒకటే మార్గం: ఏ మాటనైనా ‘ఎల్’ లేదా ‘లా’తో కలిపే కంఠస్థం చేయాలి. విడిగా ‘మేసా’ అని నేర్చుకుని, తర్వాత లింగం వెతుక్కోవడం రెట్టింపు పని.

మాటల పోగు విషయంలో మాత్రం ఇంగ్లీషు బాగా పనికొస్తుంది. లాటిన్ నుంచి వచ్చిన మాటలు రెండు భాషల్లోనూ వేలకొద్దీ ఉన్నాయి. ఇన్ఫర్మేషన్ ‘ఇన్ఫొర్మసియోన్’, యూనివర్సిటీ ‘ఉనివెర్సిదాద్’. చివర ‘షన్’ ఉన్న మాట చాలాసార్లు ‘సియోన్’గా, ‘టీ’ ఉన్నది ‘దాద్’గా మారుతుంది. ఈ పోలికను నమ్మి బోల్తా పడేచోట్లూ ఉన్నాయి. ఇబ్బందిగా ఉందని చెప్పబోయి ‘ఎంబరసాదా’ అంటే, గర్భవతినని చెప్పినట్టు. ‘ఎక్సితో’ బయటికి వెళ్లే దారి కాదు, విజయం.

మొదటి నెలలు ఎలా గడపాలి

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పని, ఫోన్లో డుయోలింగో పెట్టుకుని పాయింట్లు పోగేసుకోవడం. రోజూ భాష మొహం చూడటానికి యాప్ మంచి సాకు. కానీ బొమ్మల మధ్య మాటలు జతచేయడం వస్తే నోరు తిరుగుతుందని కాదు. అరగంట సమయం ఉంటే అందులో పది నిమిషాలు యాప్‌కు, మిగతాది వినడానికి, పైకి పలకడానికి ఉంచుకుంటే ఫలితం వేరుగా ఉంటుంది. లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ అనే ఉచిత ఆడియో పాఠాలు 90 ఉన్నాయి. ఒక విద్యార్థితో మాట్లాడుతూ వాక్యాన్ని ముక్కముక్కగా కట్టించే తీరు వాటిది. బస్సులో వింటూ, ఆపి, జవాబు పైకి చెప్పి ముందుకెళ్లవచ్చు.

క్రియల పట్టికలన్నీ నోటికొచ్చేదాకా మాట్లాడకుండా కూర్చోనక్కర్లేదు. నాలుగు ముక్కలు పట్టుకుంటే చాలా పని జరుగుతుంది: ‘కియెరో’, ‘ప్వేదో’, ‘తెంగో కే’, ‘బోయ్ ఆ’. వీటి పక్కన ఏ క్రియనైనా మూలరూపంలో పెట్టేయవచ్చు. తినడం ‘కొమేర్’. ‘కియెరో కొమేర్’ అంటే తినాలనుంది, ‘ప్వేదో కొమేర్’ తినగలను, ‘తెంగో కే కొమేర్’ తినాలి, తప్పదు, ‘బోయ్ ఆ కొమేర్’ తినబోతున్నాను. ముందు ‘నో’ చేరిస్తే వ్యతిరేకార్థం. ఇరవై క్రియల మూలరూపాలు తెలిసినవాళ్లు ఈ నాలుగింటితో ఎనభై వాక్యాలు చెప్పగలరు. భవిష్యత్తు రూపాల పట్టిక తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

మాటలు మరిచిపోవడం అందరికీ ఉన్నదే. నేర్చుకున్నది మొదట్లో చాలా వేగంగా, తర్వాత నెమ్మదిగా చెరిగిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని రాశారు. చెరిగిపోయే వేళకు సరిగ్గా మళ్లీ గుర్తుచేయడం ‘ఆంకీ’ లాంటి ఉచిత కార్డుల సాఫ్ట్‌వేర్ చేసే పని. తెలిసిన మాటను కొన్ని రోజులకు, బాగా తెలిసినదాన్ని వారాలకు, తప్పిన మాటను ఆ రోజే మళ్లీ చూపిస్తుంది. కార్డు మీద ఒంటరి మాట కంటే చిన్న వాక్యం, దానికి తెలుగు అర్థం రాసుకోవడం మేలు. ‘మే గుస్తా’ లాంటివి ఇంగ్లీషులో రాసుకుంటే తలకిందులవుతాయి, తెలుగులో రాసుకుంటే ఉన్నవి ఉన్నట్టు కూర్చుంటాయి.

వినడానికి చాలామంది ‘మనీ హైస్ట్’తో మొదలుపెడతారు. తెలుగు డబ్బింగు తీసేసి స్పానిష్ ఆడియో పెట్టుకుంటారు. దొంగలు తుపాకులు పట్టుకుని అరుచుకునే వేగానికి తొలిరోజుల్లో ఒక్క ముక్కా అందదు. అంతకంటే ‘దెస్తినోస్’ నయం. అమెరికాలో పాఠాల కోసమే 1992లో తీసిన 52 భాగాల సీరియల్ ఇది. మెక్సికోలో మంచం పట్టిన పెద్దాయన దోన్ ఫెర్నాందోకు స్పెయిన్ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. అంతర్యుద్ధం నాటి గెర్నికా బాంబు దాడిలో చనిపోయిందనుకున్న తొలి భార్య రొసారియో కబురు అందులో ఉంటుంది. నిజం తేల్చుకురమ్మని లాస్ ఏంజెలెస్ లాయరమ్మ రకేల్‌ను పంపుతారు. ఆమె సెవీయా, మాద్రిద్, బ్వెనోస్ ఐరెస్, ప్వెర్తో రీకో తిరుగుతుంది. ప్రేక్షకులు ఆమె వెంటే దేశానికో యాస వింటారు. ప్రతి భాగం చివర రకేల్ జరిగిన కథను నెమ్మదిగా నెమరువేసుకుంటూ ప్రశ్నలు అడుగుతుంది. బట్టలు, జుట్టు ముప్పై ఏళ్ల నాటివే అయినా ఆ ఉత్తరం సంగతేమిటో తెలుసుకోవాలన్న ఆత్రం పాఠాన్ని లాక్కెళ్తుంది. సాయంత్రం సీరియళ్లకు అలవాటుపడ్డ తెలుగు ఇళ్లకు ఇది పరాయి సరుకేమీ కాదు.

ఏ దేశపు స్పానిష్ నేర్చుకోవాలన్నది మరో సందేహం. కృతజ్ఞత చెప్పే మాటను లాటిన్ అమెరికాలో ‘గ్రాసియాస్’ అంటే, స్పెయిన్‌లో చాలాచోట్ల ‘గ్రాథియాస్’ అంటారు. స్పెయిన్‌లో స్నేహితుల గుంపును పిలవడానికి వాడే ‘బొసోత్రోస్’, దాని క్రియారూపం ‘ఆబ్లాయిస్’ లాటిన్ అమెరికాలో వాడుకలో లేవు. అక్కడ అందరికీ ‘ఉస్తేదెస్’ ఒకటే. అమెరికాలో ఉండేవాళ్లకు మెక్సికో పలుకుబడి ఎక్కువ ఉపయోగం, స్పెయిన్‌లో పై చదువులకు వెళ్లేవాళ్లకు అక్కడిది. ఒకటి నేర్చుకున్నవాళ్లకు రెండోది అర్థమవుతుంది కాబట్టి దీని మీద రోజులు తగలేసుకోనక్కర్లేదు.

బడి, పరీక్ష

సొంతంగా నేర్చుకునేవాళ్లకు కరువయ్యేది తప్పు దిద్దే మనిషి. హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ ప్రత్యేక సబ్జెక్టుగా బీఏ, ఎంఏ చదువుకోవచ్చు. స్పెయిన్ ప్రభుత్వం 1991లో స్థాపించిన ఇన్‌స్తితూతో సెర్వాంతెస్‌కు 2009 నుంచి ఢిల్లీలో కేంద్రం ఉంది. అది ఆన్‌లైన్‌లోనూ పాఠాలు చెబుతుంది. భాషా సామర్థ్యాన్ని ఐరోపా పద్ధతిలో ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లుగా లెక్కిస్తారు. స్పెయిన్ ప్రభుత్వం పేరిట ఇచ్చే ‘దేలె’ సర్టిఫికెట్‌కు గడువు లేదు, ఒకసారి నెగ్గితే జీవితాంతం చెల్లుతుంది. కంప్యూటర్ మీద రాసే ‘సియెలె’ ఫలితం ఐదేళ్లే చెల్లుతుంది. దేలెలో చాలా మెట్లకు చదవడం, రాయడం కలిపి 50 మార్కులు, వినడం, మాట్లాడటం కలిపి 50. రెండు భాగాల్లోనూ 30 చొప్పున రావాలి. పుస్తకంలో పండితులై నోరు మెదపనివాళ్లు ఇక్కడ తప్పుతారు.

ఎంతకాలం పడుతుందన్న ప్రశ్నకు అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ లెక్క ఒకటి ఉంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఉద్యోగులు స్పానిష్‌లో విధులు నిర్వర్తించే స్థాయికి రావడానికి పూర్తికాలం తరగతులతో దాదాపు 30 వారాలు, తెలుగులో అయితే 44 వారాలు పడుతుందని అది అంచనా వేసింది. రోజుకు అరగంట కేటాయించేవాళ్లకు ఆ స్థాయి ఏళ్ల దూరం. పేరు, ఊరు, పని చెప్పుకోవడం, తిండి అడగడం, ధర కనుక్కోవడం లాంటి ఏ1 అవసరాలకు మాత్రం కొన్ని నెలల క్రమమైన సాధన చాలు.

ఆ పైమెట్టు ఎక్కేవాళ్లకు ఎదురయ్యేది రెండు భూతకాలాల చిక్కు. నిన్న తిన్నానంటే ‘కొమీ’. చిన్నప్పుడు తినేవాణ్ణంటే ‘కొమీయా’. ఇంగ్లీషులో ఒకే మాట చాలాసార్లు రెండిటికీ సరిపోతుంది కాబట్టి అందులోంచి అనువదించుకునేవాళ్లు ఏది వాడాలో తేల్చుకోలేరు. ‘తిన్నాను’, ‘తినేదాన్ని’ అని వేరువేరుగా అనే తెలుగువాళ్లు తమ వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుంటే చాలు, అందులోని క్రియే ఏ రూపం ఎంచుకోవాలో చాలావరకు చెబుతుంది. ఆ సమయంలో ‘తింటూ ఉన్నాను’ అని జరుగుతున్న పనిని చెప్పాల్సివచ్చినా రెండోదే, ‘కొమీయా’.